నీలం బుట్ట, పసుపు బుట్ట

మా ఇంట్లో మాసిన బట్టలకి రెండు బుట్టలు. నీలం బుట్ట మా ఆయనది, పసుపు బుట్ట నాది. పెళ్లయ్యాక ఇద్దరం కలిసి కొన్న మొదటి సామాను అదే. మంచం కూడా ఆ తర్వాతే వచ్చింది. కొట్టతను "రెండూ ఒకే రంగు తీసుకోండమ్మా, జంటగా బావుంటాయి" అన్నాడు. "ఇవి జంటగా ఉండకూడదనే కొంటున్నామండీ" అన్నాను. అతను మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, పాపం అన్నట్టు రసీదు చేతిలో పెట్టాడు. చెరో బుట్టా నెత్తిన బోర్లించుకుని దారంతా నవ్వుకుంటూ ఇంటికొచ్చాం.

సంగతేంటంటే, నాది బూజు ఉద్యోగం, ఆయనది కోతుల ఉద్యోగం. ఇద్దరిదీ ఒకే పరిశోధనశాల. సంతానం ఎలా కలుగుతుందన్న ఒకే ప్రశ్నని మా సారు బూజు వైపు నుంచీ, పెద్ద మేడమ్ కోతుల వైపు నుంచీ పట్టుకుని లాగుతుంటారు.

నేను పెంచే బూజు నారింజ రంగులో, అప్పుడే ఏకిన దూదిలా ఉంటుంది. ఎంత ముద్దొస్తుందో చెప్పలేను. వీటిలో ఆడా మగా లేవు. పెళ్లింట్లో రెండు వైపుల వాళ్లున్నట్టు రెండు పక్షాలుంటాయి, అంతే. ఒకే పక్షం వాళ్లు ఎంత పక్కపక్కన కూర్చున్నా ఒకర్నొకరు పట్టించుకోరు. ఎదుటి పక్షం తగిలిందా, సూదిమొనంత నల్లటి కాయలు కాస్తాయి. కాయ పండాక లోపలి బీజాల్ని తుపాకీ పేల్చినట్టు పైకి చిమ్ముతుంది. గాజు ట్యూబు గోడల మీద మిరియాల పొడి చల్లినట్టు అంటుకుంటాయి. నా ఉద్యోగం ఆ చల్లిన పొడి చూసి మురిసిపోవడం. జీతం కూడా ఇస్తారు.

ఆయనవి పిడికెడంత మార్మోసెట్ కోతులు. చెవుల దగ్గర తెల్లటి కుచ్చులు, మొహంలో ఎప్పుడూ ఏదో అన్యాయం జరిగిపోయినట్టు చూపు. ఈ కోతుల్లో పిల్లల్ని ఎక్కువగా తండ్రే మోస్తాడు. ఈ ముక్క నాకు తెలిసిన రోజు నుంచీ ఆయనకి రోజూ గుర్తు చేస్తుంటాను. ఆయన పని ఒక కోతి నుంచి అండాలు తీసి, ఇంక్యుబేటర్ వెచ్చదనంలో గాజు డిష్‌లో పిండాలుగా, మా భాషలో ఎంబ్రియోలుగా పెంచి, గడ్డకట్టించి దాచి, వీలు చూసి ఇంకో కోతి కడుపులో పెట్టడం.

చిక్కల్లా నా బూజు పైన ఉండే నారింజ పొడితో. ఊపిరి వదిలితే లేస్తుంది, జుట్టులో చేరుతుంది, బట్టల మడతల్లో దాక్కుంటుంది. ఎంబ్రియోలు పెరిగే డిష్‌లో ఒక్క రేణువు పడిందంటే తెల్లారేసరికి దూది పరుపే. అందుకని మా రెండు విభాగాల మధ్య నడవాలో ఒక గాజు తలుపుంది. బూజు ముట్టుకున్న రోజు నేను ఆ తలుపు దాటకూడదు. ఇంటికెళ్లి తలంటుకునేదాకా ఆయన్ని ముట్టుకోనూ కూడదు. నా బట్టలు వేరే బుట్టలో, మరిగే నీళ్లలో, వేరుగా ఉతకాలి. మధ్యాహ్నం అన్నం మాత్రం కలిసే తింటాం, తలుపుకి అటు ఆయన, ఇటు నేను, చేతిలో ఫోన్లు. ఆయన తన గిన్నెలో కూర గాజుకి ఆనించి చూపించి "కొంచెం వేసుకో" అంటాడు. నేను ఇటువైపు నుంచి చెంచాతో తీసుకున్నట్టు నటిస్తాను. ఇంతకంటే గొప్ప విందు నేనెక్కడా తినలేదు.

ఈ సుఖం ఇలా సాగుతుండగా మా అత్తయ్య కొత్త కాపురం చూడ్డానికి వచ్చారు. మనిషి బంగారం. వచ్చిన మర్నాడే వంటింటి అరలు సర్ది, గుమ్మం దగ్గర కిర్రుమనే మడత బందుకి నూనె వేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి "నువ్వు తిను, నేను చూస్తాను" అన్నారు. నేను చక్కగా కూర్చుని తిన్నాను. కోడళ్లకి వచ్చే కష్టాలేంటో నాకు ఇప్పటికీ తెలీదు.

ఒకరోజు మధ్యాహ్నం గాజు తలుపు దగ్గరికి ఆయన గిన్నె లేకుండా వచ్చాడు. ఫోన్ చెవికి పెట్టుకుని గాజుకి భుజం ఆనించాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఇంక్యుబేటర్లో డిష్ పోయింది."

"పోవడమేంటి?"

"బూజు పట్టింది." గొంతు తగ్గించాడు. "నారింజ రంగు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ప్రపంచంలో ఎన్నో రంగుల బూజులున్నాయి. నారింజ రంగుది మా భవనంలో నా గదిలోనే ఉంది.

ఆ డిష్ ఒక్కటీ పోతే అంత బాధ లేదు. అంతకుముందు అదే ఇంక్యుబేటర్లో, ఆయన చేతి మీదుగానే పెరిగిన ఎంబ్రియోలు కొన్ని ఇప్పుడు గడ్డకట్టించి, సన్నటి గొట్టాల్లో వేరే చోట దాచి ఉన్నాయి. అవి రాణిగారివి. రాణిగారంటే వాళ్ల విభాగంలో ముసలి కోతి. దర్జాగా ఊయల్లో కూర్చుని అందరి చేతా ద్రాక్షపళ్లు ఒలిపించుకుని తింటుంది. ఆవిడ వయసు అయిపోయింది, ఇక అండాలు రావు. దాచినవే ఆఖరివి. చిట్టి అనే పడుచు కోతి కడుపులో వాటిని పెట్టాలని ఏర్పాట్లన్నీ అయిపోయాయి. ఆయన చేరినప్పటి నుంచీ చేసిన పనంతా ఆ కాసిన్ని గొట్టాల్లోనే ఉంది.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి పెరట్లో తీగ మీద బట్టలారుతున్నాయి. ఆయన లోచొక్కా, పక్కనే నేను లాబులో తలకి కట్టుకునే గుడ్డ. గాలికి రెండూ ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. ఇద్దరం చూశాం. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"అమ్మా," అన్నాడు ఆయన, "ఇవి కలిపి ఉతికావా?"

"ఆఁ. వచ్చిన దగ్గర్నుంచీ నేనేగా ఉతుకుతున్నాను. ఏం, మరకలు పోలేదా?"

"వేరే వేరే బుట్టల్లో ఉంటాయి కదమ్మా!"

అత్తయ్య చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, మమ్మల్ని ఇద్దర్నీ ఎగాదిగా చూశారు. "ఉంటాయి. చూశాను. చూసి గుండె గుభేలుమంది. పెళ్లయి ఎన్నాళ్లయిందని, మాసిన బట్టలు కూడా ఒకచోట పడేసుకోలేనంత తగాదా ఏంట్రా అనుకున్నాను. అడిగితే బావుండదని, నేనే ఒక బుట్టలో వేసి ఒక నీళ్లలో ఉతుకుతూ వస్తున్నాను. అలాగైనా కలుస్తారని."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందో తెలీక దగ్గొచ్చింది.

ఆయన కూర్చుని అంతా చెప్పాడు. బూజు పొడి, బుట్టలు, గాజు తలుపు, రాణిగారు. వింటున్నకొద్దీ అత్తయ్య మొహం చిన్నదైపోయింది. "అయితే నేను... నా చేతుల్తో... వాడి కోతిపిల్లల్ని..." అంటూ తన అరచేతులు చూసుకున్నారు.

"ఇంకా ఏమీ తేలలేదత్తయ్యా," అన్నాను.

"తేలేదేముంది? ఉతికింది నేనేగా!"

ఆ రాత్రి ఆవిడ అన్నం కెలికి లేచిపోయారు. మర్నాటి నుంచి బట్టల జోలికే వెళ్లలేదు. తన చీరలు కూడా సంచిలో కుక్కి, ఆ సంచిని మంచం కిందికి తోసేశారు. మా రెండు బుట్టల మధ్య నుంచి నడవాల్సి వస్తే కొంగు బిగించి పట్టుకుని నడిచేవారు.

ఆయన పొద్దున్నే వెళ్లి పెద్ద మేడమ్‌తో ఉన్నదున్నట్టు చెప్పాడు. మేడమ్ అరిచే మనిషి కాదు. అరిస్తేనే బావుణ్ననిపించే మనిషి. మధ్యాహ్నం ఆయనతో పాటు గాజు తలుపు దగ్గరికొచ్చి, ఆయన ఫోన్ తీసుకుని నాతోనే మాట్లాడారు.

"ఏమమ్మా కొత్త పెళ్లికూతురా. మీ ఆయన నిజం చెప్పాడు, సంతోషం. కానీ అనుమానం ఉన్నదాన్ని నేను తల్లి కడుపులో పెట్టను. ఆ బూజు మీ ఇంటి నుంచి వచ్చిందే అయితే ఇతని బట్టల మీద, చేతుల మీద ఎన్నాళ్లుగానో ఉన్నట్టే. ఇతను ముట్టుకున్న ప్రతి గొట్టం పారేస్తాను. రాణిగారివైనా సరే."

"మా బూజు కాదని తేలితే?"

"అప్పుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తేల్చాలి. ఊరికే కాదంటే ఒప్పుకోను."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అత్తయ్యే అడిగారు. "ఇంతకీ అమ్మాయ్, ఆ బూజు ఏం తిని బతుకుతుంది?"

"లాబులో అయితే మేం చక్కెర నీళ్లు పోస్తాం."

"మీరు పొయ్యకపోతే? బయటెక్కడైనా ఉంటుందా, లేక మీ గదిలోనే పుట్టిందా?"

"అయ్యో, బయట బోలెడుంది. అడవి కాలాక బొగ్గయిన చెట్ల మీద మొలుస్తుంది. దాని బీజాలు ఏళ్ల తరబడి నిద్రపోయి, వేడి తగిలితేనే లేస్తాయి. రొట్టె బట్టీల్లో వస్తుంది. మొక్కజొన్న కండెల మీదైతే..."

ఆయన నమలడం ఆపేశాడు. "కండెలా?"

"గింజలు ఒలిచేసిన కండెలు. వానకి తడిస్తే చాలు."

"చిట్టి గూటికి కొత్త పరుపు తెప్పించాం," అన్నాడు నెమ్మదిగా. "ఇంతకుముందు రంపపు పొట్టు వేసేవాళ్లం. గుచ్చుకుంటోందని మేడమ్ మార్పించారు. ఇప్పుడు వేసేది మొక్కజొన్న కండెల పొట్టు."

"క్రిములు చచ్చేలా ఆవిరి పట్టకుండానే వేస్తారా?"

"పడతాం. కానీ ఆ ఆవిరి యంత్రం తలుపు రబ్బరు అరిగిపోయింది. పక్క నుంచి బుస్సుమంటూ ఉంటుంది. వేడి ముల్లు పైదాకా వెళ్లదు. కొత్త రబ్బరు వస్తుందంటున్నారు."

నేను ఎంగిలి చేత్తోనే ఆయన భుజం పట్టుకున్నాను. సరిగ్గా చంపేంత వేడి లేదు. నిద్ర లేపేంత వేడి ఉంది! బీజాలకి ఎవరో పనిగట్టుకుని వేణ్ణీళ్ల స్నానం చేయించి లేపినట్టే.

"ఆ యంత్రం ఎక్కడుంది?"

"నడవాలో. ఇంక్యుబేటర్ గదికి ఎదురుగా."

"అంటే నేను కాదా?" అన్నారు అత్తయ్య, గరిటె గాల్లో పట్టుకుని.

"ఏమో అత్తయ్యా. అడగాలి."

"ఎవర్ని?"

"బూజునే."

బూజుని అడగడం అంటే పెళ్లిచూపులు ఏర్పాటు చేయడం. డిష్‌లో మొలిచిన ఆ అపరిచితుణ్ణి నా రెండు పక్షాల బూజుతోనూ విడివిడిగా కూర్చోబెట్టాలి. నా గదిదే అయితే ఏదో ఒక పక్షంతో కలిసి కాయ కాసి, నల్ల బీజాలు చిమ్మి తీరుతుంది. వేరే జాతిదైతే కలవదు, కలిసినా పిల్లలు పుట్టరు. అలాగే కండెల పొట్టు తడిపితే లేచిన బూజుల్లోంచి పక్షానికొకటి చొప్పున రెండు తీసి, వాటితోనూ కూర్చోబెట్టాలి. వాటితో బీజాలు చిమ్మితే అది వాళ్ల చుట్టమే.

పెద్ద మేడమ్ ఊరుకుంటారా? "నీ కాపురం నువ్వే పరీక్షిస్తే ఎలా కుదురుతుందమ్మా?" అన్నారు. బూజులన్నీ నేను సిద్ధం చేశాక, మా సారుని నా గదిలో కూర్చోబెట్టి సారు చేతే కలిపించారు. మొత్తం ఐదు ట్యూబులు. అపరిచితుడివి నాలుగు, సరిపోల్చి చూడ్డానికి నా సొంత పక్షాలు రెండూ కలిపింది ఒకటి. వాటి మీద పేర్లుండవు, రంగు కాగితాలే. ఏ రంగు దేనిదో మా సారుకి, మేడమ్‌కి తప్ప ఎవరికీ తెలీదు. మా సారు నన్ను చూసినప్పుడల్లా పైకప్పు చూడ్డం మొదలుపెట్టారు.

ఆ ఎదురుచూపు నేను మర్చిపోలేను. పెళ్లిచూపులకి నేను కూర్చున్నప్పుడు కూడా ఇంత గుబులు లేదు. అప్పుడు ఆయన నా ఉద్యోగం ఏంటని అడిగి, బూజు అని చెప్పగానే "ఏ రంగు?" అన్నాడు. ఆ ప్రశ్నకే పడిపోయాను నేను. ఇప్పుడు అదే రంగు మా మధ్య కూర్చుంది. ఇంట్లో ఆయన మాటకి ముందు నవ్వే మనిషి, మాట తర్వాత కూడా నవ్వడం మానేశాడు. చిట్టి గూడు దగ్గర కూర్చుని ద్రాక్షపళ్లు ఒలుస్తున్నాడట, అది మొహం తిప్పుకున్నా. అత్తయ్య రోజూ గుమ్మంలోనే అడిగేవారు, "కాశాయా?" అని. "కాయలేదత్తయ్యా" అంటే, అది మంచో చెడో తెలీక నా మొహం వెతుక్కునేవారు.

ఒకరోజు పొద్దున ట్యూబులు వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మూడింట్లో నల్ల చుక్కలు.

ఇంకా బీజాలు చిమ్మలేదు కాబట్టి ఏదీ తేలినట్టు కాదు. వాటిని మళ్లీ అరలో పెట్టేసి గది బయటికొచ్చి, గోడకి ఆనుకుని, నాలో నేనే "పండండి తల్లీ, పండండి" అనుకున్నాను. కొన్నింటిని పండమనీ, కొన్నింటిని పండొద్దనీ ఒకేసారి కోరుకున్నాను. ఏ రంగువి ఏవో తెలీదు కదా.

ఇంకొన్నాళ్లకి ఎర్ర కాగితం ట్యూబులోనూ, తెల్ల కాగితం ట్యూబులోనూ గోడలనిండా మిరియాల పొడి. పచ్చ కాగితం దాంట్లో కాయలున్నాయి కానీ గోడలు శుభ్రం. ఆ కాయలు తీసి గాజు పలక మీద నొక్కి మైక్రోస్కోపులో చూస్తే లోపలంతా బోలు, ఒక్క బీజం లేదు. మిగతా రెండూ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాయి.

పిల్లలు పుట్టినవి రెండు జంటలు. ఒకటి నా సొంత జంట, అది ఖాయం. రెండోది ఎవరు? అపరిచితుడూ నా బూజూనా? అయితే రాణిగారి పని అయిపోయినట్టే. అపరిచితుడూ కండెల బూజూనా? అయితే బతికాం. పచ్చదాంట్లో బోలు కాయలు చూసి నాకు కొంచెం ఆశ పుట్టింది. కానీ పైకి అనలేదు. అంటే ఎగిరిపోతుందని భయం.

గాజు తలుపు దగ్గరికి అందరూ వచ్చారు. అటు మేడమ్, ఆయన. ఇటు నేను, మా సారు. నేను రంగులు చదివాను. "ఎరుపు, తెలుపు పండాయి. పచ్చ బోలు. నీలం, నలుపు ఖాళీ."

మేడమ్ జేబులోంచి చీటీ తీసి కళ్లజోడు సర్దుకున్నారు. చదివారు. మళ్లీ చదివారు.

"మేడమ్," అన్నాడు ఆయన, "కాస్త పైకి చదవండి."

"తెలుపు మీ ఆవిడ సొంత జంట." ఆవిడ కళ్లజోడు తీసేశారు. "ఎరుపు, డిష్‌లో బూజూ, కండెల బూజూ. పచ్చది మీ ఆవిడ బూజుతో కూర్చోబెట్టింది, అదే బోలు. నేను ముచ్చటపడి తెప్పించిన పరుపే నా కొంప ముంచబోయిందన్నమాట."

ఆయన ఒక్కసారిగా నేల మీద కూలబడి గాజుకి నుదురు ఆనించాడు. నేను కూడా ఇటువైపు కూర్చుని అదే చోట నుదురు ఆనించాను. గాజు చల్లగా ఉంది. ఇద్దరి ఊపిరితో చెరోవైపూ మసకబారింది. మా సారు మొదటిసారి పైకప్పు వదిలేసి నా వైపు చూసి, "ఇన్నాళ్లూ నాకు మెడ నొప్పమ్మా" అన్నారు.

"లేవయ్యా," అన్నారు మేడమ్. "ఆ పొట్టంతా తీయించు. రబ్బరు వచ్చేదాకా పాత పరుపే. నడవా, ఇంక్యుబేటర్ అన్నీ కడిగించు. గొట్టాల్లో రెండు కరిగించి ఒక రాత్రి పెంచి చూద్దాం. శుభ్రంగా ఉంటే చిట్టికి పెడదాం."

ఇంటికెళ్లి గుమ్మంలోనే అరిచాను, "అత్తయ్యా! మా బూజుకి ఆ సంబంధం కుదర్లేదు!"

అత్తయ్య వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టుకోబోయి, గుర్తొచ్చి వెనక్కి తగ్గారు. "తలంటుకున్నావా?"

"లేదు."

"అయితే వెళ్లు, ముందు వెళ్లు! నీళ్లు తోడి ఉన్నాయి." నేను స్నానాల గదిలోకి వెళ్తుంటే వెనక నుంచి కళ్లు తుడుచుకుంటూ అంటున్నారు. "ఎవరికైనా సంబంధం తప్పిపోయిందంటే నేనింత సంతోషపడతానని కలలో కూడా అనుకోలేదే తల్లీ."

గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. చిట్టికి పెట్టారు. అత్తయ్య ఊరెళ్లే టిక్కెట్టు మార్పించేశారు. "ఆ పిల్ల సంగతి తేలేదాకా కదలను" అని. చిట్టి తిన్నదా, పడుకుందా, వేవిళ్లా అని రోజూ ఆయన్ని అడిగేవారు. కోతులకి వేవిళ్లుంటాయో లేదో తనకి తెలీదని ఒక శాస్త్రవేత్త తల్లి ముందు ఒప్పుకోవడం నేను కళ్లారా చూశాను.

స్కానింగ్ రోజు నేను గిన్నె పట్టుకుని గాజు తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ రోజు కూడా నాకు బూజు పనే. చాలాసేపటికి నడవా చివర తలుపు తెరుచుకుంది. ఆయన నడవలేదు, పరిగెత్తనూ లేదు, ఆ రెంటికీ మధ్య ఏదో చేశాడు. గాజు దగ్గరికొచ్చి ఫోన్ తీయడం కూడా మర్చిపోయి రెండు వేళ్లు ఎత్తి చూపించాడు. పెట్టిన రెండూ నిలిచాయి! చూపుడు వేలితో గాజు మీద ఆ చిన్న గుండెలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో టకటకా కొట్టి చూపించాడు. నేను ఇటువైపు నుంచి అరచేయి ఆనించి విన్నాను. గిన్నెలో అన్నం సగం నేల మీద ఉంది. ఎప్పుడు పడిందో తెలీదు.

ఆ ఆదివారం నిద్ర లేచేసరికి పెరట్లో నీళ్ల చప్పుడు. అత్తయ్య మళ్లీ బట్టలు ఉతుకుతున్నారు. నీలం బుట్ట ఒక గట్టున, పసుపు బుట్ట ఇంకో గట్టున. పసుపుదానికి మరిగే నీళ్లు, కర్రతో తిప్పడం. మంచం కిందికి తోసిన తన సంచి కూడా ఖాళీ అయింది. ఆరేసేటప్పుడు ఆయన చొక్కా తీగకి ఒక చివర వేసి, నా తలగుడ్డని మరో చివర వేసి, మధ్యలో తన చీర పొడుగ్గా పరిచారు.

"ఇప్పుడు సరిపోయిందా?" అని అడిగారు నన్ను.

"బ్రహ్మాండంగా ఉందత్తయ్యా."

అంతలో గాలొచ్చింది. ఆయన చొక్కా చెయ్యి చీర మీంచి లేచి, నా తలగుడ్డ వైపు ఊగడం మొదలుపెట్టింది. అత్తయ్య నోట్లో ఉన్న క్లిప్పు తీసి, ఆ చొక్కా చేతిని పట్టుకుని వెనక్కి మడిచి తీగకి బిగించారు.

"ఆగరా," అన్నారు చొక్కాతో. "అది ఇంకా తలంటుకోలేదు."